కమాన్ కట్ట ఎన్నాళ్లు వస్తుంది? పాత కార్లవాళ్ల అపోహలు, వాస్తవాలు

కమాన్ కట్టలంటే బండి కింద కుదుపులను ఓర్చుకునే, ఉక్కు పట్టీలు పేర్చి చేసిన స్ప్రింగులు. వాటిని పరీక్షించడం నా పని. ఫోర్డ్ కంపెనీ మోడల్ టీ కారు నాటి పాత కార్లను బాగుచేయించుకునేవాళ్లు వచ్చినప్పుడల్లా ఇవే మాటలు వింటుంటాను.

అపోహ: రెట్టింపు బరువు పెట్టినా విరగలేదు, ఇక ఢోకా లేదు.

వాస్తవం: ఆ రోజు విరగలేదు, అంతే. కట్ట ఎక్కువగా విరిగేది ఒక్క పెద్ద దెబ్బకు కాదు, లెక్కలేనన్ని చిన్న వంపులకు. కార్లు పుట్టకముందే ఈ సంగతి తేలింది. జర్మనీ రైల్వే ఇంజనీరు ఆగస్ట్ వోలర్ 1850ల నుంచి 1870 దాకా రైలు ఇరుసులను యంత్రాలకు బిగించి తిప్పి చూశాడు. ఒక్కసారైతే తేలిగ్గా తట్టుకునే బరువే పదేపదే పడేసరికి ఇరుసులు విరిగాయి. కట్టనైనా అలాగే చూడాలి. ముందు బండి బరువుకు ఎంత దిగుతుందో అంత దించి, అక్కడి నుంచి పైకీ కిందకీ ఆడించాలి. దారిలో 10 మీటర్లకో కుదుపు అనుకుంటే 10,000 కిలోమీటర్లకు 10 లక్షల వంపులు. నిమిషానికి 100 వంపుల యంత్రం రాత్రీపగలూ ఆడినా దాదాపు వారం పడుతుంది. ఆ వారమంతా మాకు టెన్షనే! వంపు కాస్త తగ్గిస్తే ఆయుష్షు ఎన్నో రెట్లు పెరగొచ్చు. అందుకే ఎంత వంచారో చెప్పకుండా ‘మా కట్ట ఇన్ని లక్షలు ఆడింది’ అంటే నేను పట్టించుకోను.

అపోహ: వెనేడియం (ఒక లోహం) కలిపిన ఉక్కు విరగదు.

వాస్తవం: 1908లో వచ్చిన మోడల్ టీ విషయంలో ఫోర్డ్ ఈ ఉక్కు గురించి గొప్పగానే చెప్పుకుంది. ఉక్కు మంచిదే. కానీ కొలిమిలో ఎక్కువసేపు ఉంటే పైపొరలో కార్బన్ తగ్గి మెత్తబడుతుంది. పట్టీ సాగే వైపు పగులు మొదలయ్యేదీ ఆ పొరలోనే.

అపోహ: పదును ఎక్కువ పెడితే, అంటే ఉక్కును కాల్చి చల్లార్చి ఎక్కువ గట్టిపరిస్తే, కట్ట బిరుసెక్కుతుంది, తేలిగ్గా వంగదు.

వాస్తవం: బిరుసు పట్టీ కొలతలను బట్టి ఉంటుంది. పట్టీ మందం రెట్టింపైతే బిరుసు 8 రెట్లవుతుంది. పదునును బట్టి మారేది, ఎంత వంగినా మళ్లీ పాత ఆకారానికి రాగలదా అన్నదే.

అపోహ: పట్టీలన్నిటినీ కలిపి పట్టే నడిమి బోల్టు దగ్గర విరిగిందంటే ఉక్కే నాసిరకం.

వాస్తవం: బోల్టు కోసం వేసిన రంధ్రం దగ్గర పట్టీ ఎలాగూ బలహీనమే. కట్టను ఇరుసుకు బిగించే యూ ఆకారపు బోల్టులు బిగువుగా ఉన్నంతసేపు అక్కడ పెద్దగా వంపు ఉండదు. అవి వదులైతే భారమంతా రంధ్రం మీదే. విరిగిన ముక్కతో పాటు ఆ యూ బోల్టులూ తీసుకురండి, నేను ముందు చూసేది వాటినే.