కుటుంబ వైనరీలు ఎందుకు చేజారతాయి? అపోహలు - వాస్తవాలు

విశాఖలో హోటల్ సిబ్బందికి వైన్ మీద శిక్షణ ఇవ్వడం నా వృత్తి. అమెరికా వైన్ తయారీదారు రాబర్ట్ మోండావి పేరు ఎత్తగానే తరగతిలో అందరూ అడిగేది ఒకటే: అంత పేరున్న వైనరీ, అంటే వైన్ తయారీ కేంద్రం, కుటుంబం చేతిలోంచి ఎలా పోయింది?

అపోహ: వైన్ నాణ్యత పడిపోతేనే వైనరీ దెబ్బతింటుంది.

వాస్తవం: చాలాసార్లు ముందు కుంగేది జమాఖర్చులే. ద్రాక్ష నాటాక మంచి కాపుకు మూడేళ్లయినా పడుతుంది. మేలైన ఎర్ర వైన్ ఆపైన ఏడాదికి పైగా ఓక్ పీపాల్లో ఉండాలి. కూలీలు, బ్యాంకు వడ్డీ అన్నాళ్లు ఆగవు. మహారాష్ట్రలోని ఛాటో ఇండాజ్ అనే వైన్ కంపెనీ విదేశాల్లోనూ వ్యాపారాలు కొంటూ విస్తరించి, 2008 మాంద్యం తర్వాత అప్పులతో కుప్పకూలింది.

అపోహ: అన్నదమ్ముల గొడవే మోండావి వైనరీని ముంచింది.

వాస్తవం: అసలు ఆ వైనరీ పుట్టిందే గొడవలోంచి! 1943లో తండ్రి సిజారే కాలిఫోర్నియాలోని నాపా లోయలో చార్లెస్ క్రుగ్ వైనరీ కొన్నారు. 1965లో రాబర్ట్, తమ్ముడు పీటర్ చేయి చేసుకునేదాకా వెళ్లారు. బయటికొచ్చిన రాబర్ట్ మరుసటి ఏడాదే, యాభై దాటిన వయసులో సొంత వైనరీ పెట్టారు.

దెబ్బ వేర్లకు తగిలింది. నాపాలో చాలా తోటలను ఏఎక్స్ఆర్1 అనే వేరు మొక్కపై అంటుకట్టి పెంచారు. 1980ల్లో ఫిలాక్సెరా విజృంభిస్తే అది తట్టుకోలేకపోయింది. ఆవగింజ కన్నా చిన్నదైన ఆ పురుగు వేరును పీల్చేస్తుంది. తోటకు తోట పీకి మళ్లీ నాటాల్సిందే. ఆ ఖర్చు, అప్పుల ఒత్తిడిలో 1993లో మోండావి వైనరీ షేర్లు స్టాక్ మార్కెట్‌కు వెళ్లాయి. మార్కెట్ మూడు నెలలకోసారి లెక్క అడుగుతుంది, తీగ ఏడాదికొక్కసారే కాస్తుంది. ఈ రెంటినీ కుటుంబం కలపలేకపోయిందని నా నమ్మకం. 2004లో కాన్‌స్టెలేషన్ బ్రాండ్స్ అనే అమెరికా మద్యం కంపెనీ వంద కోట్ల డాలర్లకు పైగా ఇచ్చి కొనేసింది.

అపోహ: అమ్ముడుపోని సరుకు పాతబడేకొద్దీ విలువ పెరుగుతుంది.

వాస్తవం: ఎక్కువ వైన్లు కొన్నేళ్లలోనే తాగాల్సినవి. విశాఖ ఎండాకాలం అలమరలో గడిపిన సీసాను పరిశీలించండి. కార్కు పైకి ఉబ్బి, మెడ మీద జిగట చార కనిపించిందంటే, వేడికి వ్యాకోచించిన వైన్ బయటికి కారినట్టే. అది అమ్మకానికి పనికిరాదు.

అపోహ: వైనరీ అమ్మేస్తే కుటుంబం వైన్‌కు దూరమైనట్టే.

వాస్తవం: రాబర్ట్ కొడుకులు మైఖేల్, టిమ్ వేర్వేరుగా మళ్లీ వైన్ వ్యాపారం మొదలుపెట్టారు. చార్లెస్ క్రుగ్ అయితే పీటర్ వారసుల చేతిలోనే నిలిచింది.