కుక్క చెవి ఆపరేషన్: రవ్వంత కూడా మిగలకూడని చర్మం

"మందు చుక్కలు వేసినన్నాళ్లు బాగుంటుంది, ఆపగానే మళ్లీ చీము. ఆపరేషన్ అంటే చెవి కోసేస్తారా?" కుక్కల్ని పెంచేవాళ్లు తరచూ అడిగే ప్రశ్న. పైకి కనిపించే డొప్ప జోలికి పోరు. దాని కిందున్న గొట్టాన్నే మొదలంటా తీసేస్తారు.

ఆ గొట్టం నిలువుగా దిగి, అడుగున లోపలికి మలుపు తిరిగి కర్ణభేరి దగ్గర ఆగుతుంది. లోపలంతా పరుచుకున్నది చర్మమే. గుబిలి ఊరడం, పొట్టు రాలడం దాని నైజం. ఆరోగ్యంగా ఉన్న చెవిలో చర్మం పైపొర కర్ణభేరి నుంచి మెల్లగా బయటికి జరుగుతూ మురికిని మోసుకొస్తుంది. చెవి తనను తానే ఊడ్చుకుంటుంది. అలర్జీతో చర్మం వాచి, గ్రంథులు లావెక్కితే ఆ ఊడ్పు ఆగిపోతుంది. నిలిచిన చెమ్మలో మలసేజియా ఈస్టు, సూడోమోనాస్ బ్యాక్టీరియా తిష్ఠ వేస్తాయి. ఏళ్లు గడిస్తే మృదులాస్థిలో సున్నం పేరుకుని గొట్టం రాయవుతుంది. ఇక చుక్క దిగడానికి దారేది?

నిలువు భాగం పక్కగోడను మాత్రమే తెరిచే పాత ఆపరేషన్ ఒకటుంది. అడ్డంగా ఉన్న భాగం బాగుంటేనే అది పనికొస్తుంది. కాకర్ స్పానియల్ జాతిలో తరచూ విఫలమవుతుంది. ముదిరిన చెవికి గొట్టం మొత్తం తీసి, మధ్యచెవి ఎముక బుడగ 'బుల్లా'ను తెరవాల్సిందే. ఇంగ్లిష్ పేరు 'టోటల్ ఇయర్ కెనాల్ అబ్లేషన్' మొదటి అక్షరాలు కలిపి సర్జన్లు దీన్ని పొట్టిగా 'టీకా' (TECA) అంటారు. సూది మందు కాబోలని సంబరపడొద్దు!

కత్తి మృదులాస్థిని అంటిపెట్టుకునే సాగాలి. ముఖ నాడి పుర్రెలోంచి బయటికొచ్చి, అడ్డ గొట్టానికి వెనకగా, కిందుగా ఆనుకుని పోతుంది. దాన్ని గట్టిగా లాగినా చాలు, కన్ను రెప్ప వేయదు. గొట్టాన్ని ఎముక అంచు దగ్గర కోశాక అసలు పని మొదలవుతుంది: ఆ అంచుకు అతుక్కున్న చర్మాన్ని చెంచాలాంటి పరికరం క్యూరెట్‌తో గీకడం. తర్వాత బుల్లా బయటి గోడను ఎముక పటకారు రాంజూర్‌తో కొరికి తెరిచి, ఏ క్రిములున్నాయో తేల్చే కల్చర్‌కు నమూనా తీసి, సెలైన్‌తో కడుగుతారు. బుల్లా పైకప్పునూ లోపలి గోడనూ గీకకూడదు. లోపలి చెవి దెబ్బతిని తల ఒరిగిపోతుంది, కనుగుడ్లు ఆగకుండా కొట్టుకుంటాయి.

గీకడంలో ఇంత పట్టుదల ఎందుకు? రవ్వంత చర్మం మిగిలినా దాని నైజం మారదు. పొట్టు రాలుస్తూనే ఉంటుంది, కానీ ఇప్పుడు పైన కుట్టేశారు, బయటికి దారి లేదు. నెలలకో ఏళ్లకో చెవి కింద గడ్డ లేచి, పగిలి చీము కారుతుంది. యాంటీబయాటిక్ ఇస్తే అణుగుతుంది, ఆపితే తిరగబెడుతుంది. మళ్లీ తెరిచి ఆ ముక్కను వెతికి తీయడమే మందు.

పిల్లుల కథ వేరు. వాటిలో కత్తిదాకా తెచ్చేది ఎక్కువగా పాలిప్ (కాడతో పెరిగే కండ ముద్ద) లేదా కణితి. పాలిప్‌ను పట్టుకుని లాగేయొచ్చు. వేరు మధ్యచెవిలో ఉండిపోతే మళ్లీ వస్తుంది. అప్పుడు దవడ కిందినుంచి బుల్లా తెరుస్తారు. పిల్లి బుల్లాను ఒక ఎముక పొర రెండు గదులుగా చీలుస్తుంది, రెండూ తెరవాలి. పక్కనే పోయే సన్నని నరాలు కదిలితే కనుపాప చిన్నదై, రెప్ప వాలి, కంటి లోపలి మూలనుండే మూడో రెప్ప పైకొస్తుంది. హార్నర్ సిండ్రోమ్ అనే ఈ స్థితి చాలా పిల్లుల్లో వారాల్లో సర్దుకుంటుంది.

కుట్లు తీసే 10–14 రోజులూ గోక్కోకుండా అడ్డుకునే కాలర్ మెడకు ఉండాలి. రెప్ప పడకపోతే కంటి చుక్కలు రోజుకు చాలాసార్లు వేయాలి, లేకుంటే కంటి ముందు పొర కార్నియా ఎండి పుండు పడుతుంది. వినికిడి తగ్గుతుంది, అయితే మూసుకుపోయిన చెవికి అప్పటికే మిగిలింది కొంతే. అలర్జీ మాత్రం గొట్టంతో పోదు. అది వేధించే రెండో చెవికీ పాదాలకూ మందులు సాగుతూనే ఉండాలి.