చప్పట్లు కొట్టాలా, వద్దా?

ఆచార నృత్యం అయ్యాక చప్పట్లు కొట్టవచ్చా అన్నది చిన్న సందేహమే. కానీ అది పుట్టడానికి కారణం మాత్రం నిషేధాలు.

టర్కీలో సూఫీ కవి రూమీ బాట పట్టిన మెవ్లెవీ దర్వేషులు, అంటే సూఫీ సాధువులు, గుండ్రంగా తిరుగుతూ చేసే సెమానే తీసుకోండి. నెత్తిన నిలువుగా ఉండే కుల్లాయి సమాధిరాయికి గుర్తు. పైన కప్పుకున్న నల్లటి అంగీ సమాధి. అది విడిచేస్తే లోపల కనిపించే తెల్ల బట్ట కఫన్, అంటే శవానికి చుట్టే గుడ్డ. ఎడమ పాదం నేలకు ఆన్చి, కుడి అరచెయ్యి పైకి, ఎడమ అరచెయ్యి కిందికి పెట్టి తిరుగుతారు. పైనుంచి అందుకున్నది తన దగ్గర ఏమీ ఉంచుకోకుండా నేలకు ఇచ్చెయ్యడమన్నమాట. 'నేను' అన్నదాన్ని బతికుండగానే పాతిపెట్టే సాధన ఇది. ఎదురుగా కూర్చుని చూసేవాడితో దీనికి పనేమిటి?

1925లో టర్కీ దర్వేషుల మఠాలన్నీ మూసేసింది. 1950ల్లో రూమీ వర్ధంతి పేరుతో టర్కీలోని కొన్యా ఊళ్లో సెమా మళ్లీ మొదలైంది, ఆరాధనగా కాదు, సాంస్కృతిక ప్రదర్శనగా. 2008లో యునెస్కో జాబితాకూ ఎక్కింది. మఠాలను మూసిన చట్టం మాత్రం రద్దు కాలేదు.

అమెరికాలో ఇంకా మొరటుగా జరిగింది. అక్కడి ఆదివాసులైన లకోటాల సూర్యనృత్యం ఒక మొక్కు: అన్నం నీళ్లు మాని, మధ్యలో నాటిన చెట్టు చుట్టూ రోజుల తరబడి ఆడతారు. 1883లో ప్రభుత్వ అధికారులు దాన్ని నేరం చేసి, ఆడినవాళ్లకు రేషన్ ఆపెయ్యాలన్నారు. పస్తుండి ఆడేవాళ్లకు తిండి ఆపడం శిక్షట! చనిపోయినవాళ్లూ అడవిదున్నలూ తిరిగొస్తారన్న నమ్మకంతో ఆడిన ప్రేతనృత్యాన్ని తిరుగుబాటనుకుని సైన్యాన్ని దింపారు. 1890 డిసెంబరు 29న వూండెడ్ నీ దగ్గర కనీసం నూట యాభైమందిని చంపారు, ఆడవాళ్లూ పిల్లలూ సహా. ఆదివాసుల మతస్వేచ్ఛ చట్టం వచ్చేసరికి 1978.

నిషేధించినవాళ్లు ఎప్పుడూ పరాయివాళ్లే కారు. 1830లో హవాయి దీవుల సంప్రదాయ నృత్యం హులాను బహిరంగంగా ఆడొద్దన్నది క్రైస్తవం పుచ్చుకున్న హవాయి రాణి కాహుమనూనే. 1883లో కలకౌవా రాజు తన పట్టాభిషేకంలో దాన్ని మళ్లీ ఆడించాడు.

ఇండోనేషియాలోని బాలి దీవివాళ్ల చిక్కు వేరు. వాళ్లను బెంగపెట్టింది టూరిస్టులు. 1971లో పండితులు కూర్చుని నృత్యాలను మూడుగా విడగొట్టారు: గుడి లోపలివి, పూజకు తోడుగా ఆడేవి, కేవలం చూడ్డానికి. గీత గీశారు గానీ నృత్యాలు దానికి ఒకవైపే ఆగలేదు. గుడిలో నైవేద్యంగా ఆడే పెండెట్‌ను హోటళ్లలో ఆడిస్తున్నారని, దానికి బదులు అతిథుల కోసం పన్యెంబ్రమ అనే కొత్త నృత్యాన్ని కట్టారు. కొన్నాళ్లకు గుడి ఉత్సవాల్లోనూ అదే ఆడటం మొదలైంది.