మైక్రాన్లు పెరిగాయి, వెల మాయమైంది

అనంతపురం పాతూరులో అంగడికి బయలుదేరిన మనిషి చేతిలో ఒకప్పుడు సంచి లేకపోవడమనేది లేదు. పాత ప్యాంటు కాళ్లు కత్తిరించి కుట్టించినదో, ఇంట్లో అల్లిన వైరు బుట్టో, యూరియా బస్తాకు చేతులు వేయించినదో ఏదో ఒకటి ఉండేది. చింతపండు పాత పేపరు పొట్లంలో వచ్చేది, నూనెకు సీసా ఇంటి నుంచే వెళ్లేది. యూరియా బస్తా కూడా ప్లాస్టిక్కే. అది చిరిగేదాకా ఎవరూ పారేయలేదు కాబట్టి చెత్త అనిపించుకోలేదు.

ఆ సంచి స్థానంలోకి వచ్చిన ప్లాస్టిక్ కవరుకు 1965లో అమెరికాలో పేటెంటు దక్కింది. రూపకర్త స్వీడన్ ఇంజనీరు స్టెన్ గుస్తాఫ్ థులిన్. కాగితపు సంచుల కోసం చెట్లు నరకడం తగ్గాలన్నది ఆయన ఆలోచనట. మడిచి జేబులో పెట్టుకుని మళ్లీ మళ్లీ వాడేవారని ఆయన కొడుకు తర్వాత చెప్పారు. మనం మడవలేదు. ఇంటికి వచ్చాక మిగిలిన అన్నమూ కూరగాయల తొక్కలూ అందులోనే వేసి, మూతికి ముడి బిగించి వీధిలోకి విసిరాం.

ఆవుకు ముడి విప్పడం రాదు. వాసన పట్టి కవరుతో సహా మింగుతుంది. నెమరు వేసే జంతువు పెద్ద పొట్టలో అది అరగదు, ముందుకు కదలదు. ఏళ్ల తరబడి పేరుకుని గట్టి ముద్దవుతుంది. కోసి తీస్తే పదుల కిలోలు తూగిన సందర్భాలున్నాయి. ఈ గోడును సుప్రీంకోర్టు దాకా మోసినది మన ప్రాంతమే. అప్పట్లో అనంతపురం జిల్లాలో ఉన్న పుట్టపర్తి నుంచి జంతు సంరక్షణ సంస్థ కరుణా సొసైటీ 2012లో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేసింది. ప్లాస్టిక్ అణుబాంబును మించిన ముప్పు కాగలదని ధర్మాసనం ఆ విచారణలో హెచ్చరించింది.

ప్రభుత్వం మాత్రం మొదటి నుంచీ మందాన్నే పట్టుకుంది. కవరు మందంగా ఉంటే ఖరీదు పెరుగుతుంది, ఊరికే ఇవ్వరు, చెత్త ఏరుకునేవాళ్లకూ గిట్టుబాటవుతుందన్నది లెక్క. 1999లో కనీసం 20 మైక్రాన్లు అన్నారు. 2011లో 40, 2016లో 50, 2021 సెప్టెంబరు 30 నుంచి 75, 2022 డిసెంబరు 31 నుంచి 120. మైక్రానంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. బండి మీద టమాటాలు అమ్మే మనిషి దాన్ని వేళ్లతో నలిపి ఎలా చెప్పగలడు?

నన్ను అడిగితే, ఈ చరిత్రలో అసలు మలుపు మైక్రాన్లలో లేదు. దుకాణదారు కవరు ఉచితంగా ఇవ్వకూడదని 2011 నిబంధనల్లోనే రాశారు. కవర్లు ఇవ్వదలచిన వ్యాపారి స్థానిక సంస్థ దగ్గర నమోదై ఏడాదికి కనీసం 48,000 రూపాయలు కట్టాలని 2016లో చేర్చారు. తోపుడు బండివాడికీ అదే లెక్క! అమలు కాకపోవడంలో వింతేముంది? రుసుము తగ్గించి సరిదిద్దాల్సింది పోయి, 2018 మార్చి సవరణలో ఆ నిబంధననే ఎత్తేశారు. మందం మిగిలింది, వెల పోయింది. ఐర్లండ్‌లో 2002లో నేరుగా కొనేవాడి మీదే పన్ను వేస్తే కవర్ల వాడకం చూస్తుండగానే పడిపోయింది.

ఇప్పుడు బట్టల దుకాణాలు ఇస్తున్న రంగురంగుల 'గుడ్డ' సంచి సంగతీ చెప్పాలి. చాలావరకు అది గుడ్డ కాదు, నాన్ ఓవెన్ పాలీప్రొపిలీన్, అంటే నేయకుండా పోగులు అతికించి చేసిన ప్లాస్టిక్. అంచుకు అగ్గిపుల్ల ముట్టిస్తే నూలులా బూడిద కాదు, కరిగి బొట్లు కారుతుంది. డాబా మీద మన ఎండలో కొన్నాళ్లు వదిలేస్తే పొడిపొడిగా రాలుతుంది. అచ్చమైన నూలు సంచికీ ఒక లెక్కుంది: వాతావరణంపై భారం విషయంలో పల్చటి కవరుతో సరితూగాలంటే దాన్ని 131 సార్లు వాడాలని బ్రిటన్ పర్యావరణ సంస్థ 2011లో తేల్చింది. వారానికోసారి సంతకు పట్టుకెళ్తే రెండున్నరేళ్లు. ప్యాంటు కాలు సంచికి ఆ లెక్క వర్తించదు. దాని కోసం ఎవరూ కొత్తగా పత్తి పండించలేదు.