శ్వేత పదార్థ విశ్లేషణలో ఊహించని ఫలితాలు: అపోహలు - వాస్తవాలు

విజయవాడలో మెదడు ఎమ్మారై స్కాన్ల విశ్లేషణ నేర్చుకుంటున్న పీజీ విద్యార్థులు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఒక్కటే: "సార్, రోగుల్లో ఎఫ్‌ఏ తగ్గాలి కదా, మాకు పెరిగిందేమిటి?" ఎఫ్‌ఏ అంటే ఫ్రాక్షనల్ అనైసోట్రపీ: మెదడు భాగాలను కలిపే నాడీ తంతువులుండే శ్వేత పదార్థంలో నీటి కదలికను ఎమ్మారైతో కొలిచే సంఖ్య.

అపోహ: ఎఫ్‌ఏ ఎక్కువగా ఉంటే శ్వేత పదార్థం ఆరోగ్యంగా ఉన్నట్టే.

వాస్తవం: సున్నా నుంచి ఒకటి వరకు ఉండే ఈ సంఖ్య, నీటి అణువుల కదలిక ఒకే దిశకు ఎంతగా మొగ్గిందో మాత్రమే చెబుతుంది, అది నాడీ తంతువుల చుట్టూ ఉండే పొర అయిన మైలిన్‌కు కొలమానం కాదు. సుమారు రెండు మిల్లీమీటర్ల వోక్సెల్‌లో (స్కాన్ చిత్రంలోని అతి చిన్న ఘనంలో) లెక్కలేనన్ని నాడీ తంతువులు ఇమిడి ఉంటాయి, పైగా చాలా వోక్సెళ్లలో వేర్వేరు దిశల కట్టలు ఒకదాన్నొకటి దాటుతుంటాయి. 16, 65 నంబర్ల జాతీయ రహదారులు కలిసే బెంజ్ సర్కిల్‌లో వాహనాలన్నిటినీ కలిపి లెక్కిస్తే ఏ ఒక్క దిశా ప్రధానంగా తేలదు. ఒక రహదారి మీద రాకపోకలు పలచబడితే మాత్రం రెండోదాని దిశ కొట్టొచ్చినట్టు కనబడుతుంది. దాటుకునే కట్టల్లో ఒకటి క్షీణించినప్పుడు ఎఫ్‌ఏ పెరగడం కూడా ఇటువంటిదే. అల్జీమర్స్ తొలిదశలో ఉన్నవారిలో ఈ పెరుగుదలను 2011లోనే పరిశోధకులు ప్రచురించారు.

అపోహ: ఫలితం తలకిందులైతే దానికి కారణం వ్యాధిలోనే ఉంటుంది.

వాస్తవం: ముందుగా ఫైళ్ల వరుస చూడాలి. అందరి ఎఫ్‌ఏ చిత్రాలను పోల్చడానికి వాడే టీబీఎస్‌ఎస్ అనే సాధనం ఫైళ్లను పేర్ల అక్షరక్రమంలో కలుపుతుంది కాబట్టి "కంట్రోల్" అన్న ఇంగ్లీషు పేరు "పేషెంట్" కంటే ముందు వస్తుంది. డిజైన్ మాట్రిక్స్‌లో (ఎవరు ఏ గుంపో, ఎవరి వయసెంతో రాసే పట్టికలో) రోగులను ముందు రాసుకుంటే గుంపులు తారుమారవుతాయి. 10వ నంబరు 2 కంటే ముందు చేరడం వల్ల ఎవరి వయసు ఎవరికో అంటుకోవడం ఇంతకంటే ప్రమాదకరం, ఎందుకంటే ఫలితం చూడటానికి సహజంగానే ఉంటుంది. వరుసలో జరిగిన ఇటువంటి తప్పుకు నేనూ ఒకసారి వారాల తరబడి జీవశాస్త్ర కారణాలు వెతికాను.

అపోహ: మెదడంతా రంగు నిండితే బలమైన ఫలితం వచ్చినట్టు.

వాస్తవం: ఎఫ్‌ఎస్‌ఎల్ అనే మెదడు చిత్రాల సాఫ్ట్‌వేర్‌లో గణాంక పరీక్ష చేసే రాండమైజ్, తన సవరించిన చిత్రాల్లో పి-విలువను (తేడా కాకతాళీయంగా వచ్చే అవకాశాన్ని) నేరుగా కాక, 1 - పి రూపంలో భద్రపరుస్తుంది. హద్దును 0.05 దగ్గర పెడితే దాదాపు అంతటా రంగు నిండుతుంది, 0.95 దగ్గర పెట్టాలి.

అపోహ: దిశల రంగుల పటం సరిగా ఉంటే గ్రేడియంట్ పట్టిక (స్కానర్ ఏయే దిశల్లో కొలిచిందో రాసిన పట్టిక) కూడా సరైనదే.

వాస్తవం: కుడి ఎడమలకు ఎరుపు, ముందు వెనుకలకు ఆకుపచ్చ, పైకీ కిందికీ నీలం వాడే ఆ పటం దిశల ప్లస్, మైనస్ గుర్తులను పట్టించుకోదు. ఒక అక్షం గుర్తు తిరగబడినా రంగులు మారవు, ఎఫ్‌ఏ కూడా మారదు. తంతువుల దారులను గీసే ట్రాక్టోగ్రఫీ మాత్రం దారి తప్పుతుంది. అందుకే దిశలను గీతలుగా తెరిచి, మెదడు రెండు సగాలను కలిపే కార్పస్ కెలోసం వంపు వెంట అవి సాగుతున్నాయో లేదో కంటితో చూడాలి.

తల కదలికల సవరణ చేశాం కదా అని నిశ్చింతగా ఉండటమూ పొరపాటే. రోగులు స్కానర్‌లో ఎక్కువగా కదిలే అవకాశం ఉంది కనుక, ఒక్కొక్కరి సగటు కదలికను రెండు గుంపుల మధ్య పోల్చిన తరువాతే ఎఫ్‌ఏ తేడా గురించి మాట్లాడాలి.