ఎల్‌నినో పేరు విని కౌలు వదులుకునేవారికి

ఏటా ఏప్రిల్ నడిమిలో వాతావరణ శాఖ నైరుతి రుతుపవనాల తొలి అంచనా ప్రకటిస్తుంది. ఆ మర్నాటి నుంచి నా ఫోనుకు విశ్రాంతి ఉండదు. గుంటూరు, పల్నాడు రైతులకు వాతావరణ సలహాలు రాసే పని నాది. వారానికి రెండుసార్లు, మంగళవారం, శుక్రవారం బులెటిన్ పంపుతాం. ఆ రోజుల్లో మాత్రం బులెటిన్ ఎవరికీ అక్కరలేదు. అందరిదీ ఒకటే ప్రశ్న: "ఈ ఏడు ఎల్‌నినో అటగదండీ, ఇక వానలు లేనట్టేనా?" ఎల్‌నినో అంటే పసిఫిక్ మహాసముద్రం నడిమి, తూర్పు భాగాల్లో నీరు మామూలుకన్నా వెచ్చబడటం. ఆ కబురు వాట్సాప్‌లో వచ్చి ఉంటుంది, ఎర్రగా కాలిపోతున్న భూగోళం బొమ్మతో సహా. బొమ్మ పంపినవాడికి పోయేదేమీ లేదు. అడిగే మనిషికి కౌలు, విత్తనం, వడ్డీ అన్నీ ఆ జవాబు మీదే ఉంటాయి.

అపోహ: ఎల్‌నినో వస్తే కరవు ఖాయం

జనాన్ని ఎక్కువగా ముంచుతున్నది ఇదే. 2019 సంగతి చెబుతాను. ఆ వేసవిలో పసిఫిక్‌లో బలహీనమైన ఎల్‌నినో ఉంది. నరసరావుపేట వైపు సాగర్ కుడికాలువ కింద అయిదెకరాలు కౌలుకు చేసే ఒక పెద్దాయన మే నెలలో ఫోను చేశారు. కాస్త ఆగి చూడమన్నాను. జూన్‌లో దేశమంతటా కలిపి మూడో వంతు వాన తగ్గింది. టీవీలో నెర్రెలిచ్చిన చెరువులు చూపించారు. "బాబూ, రెండేళ్ళుగా దెబ్బ తింటూనే ఉన్నాను, ఇంకోసారి తట్టుకోలేను" అని జులై మొదటి వారంలో పొలం వదిలేశారు. ఆయన భయాన్ని నేను తప్పుపట్టను. అప్పు తెచ్చి వ్యవసాయం చేసే మనిషికి నిబ్బరంగా ఉండమని చెప్పడం తేలిక.

తరవాత ఏమైందో ఈ ప్రాంతంలో అందరికీ గుర్తే. పడమటి కనుమల్లో వానలు విరుచుకుపడ్డాయి. ఆగస్టులో ఆలమట్టి నుంచి వచ్చిన నీరు శ్రీశైలం నింపింది, సాగర్ గేట్లు ఎత్తారు, బెజవాడలో కృష్ణలంక లోతట్టు ఇళ్ళలోకి వరద వచ్చింది. సెప్టెంబరులో దేశవ్యాప్తంగా సగటుకు ఒకటిన్నర రెట్లు వాన పడింది. సీజను మొత్తం మీద సగటులో 110 శాతం వానతో ముగిసింది. పెద్దాయన వదిలిన పొలంలోనే మిరప నాట్లకు ఆయన భార్య కూలికి వెళ్ళారు.

అసలు జరిగేదేమిటంటే, మామూలు ఏడాదిలో పసిఫిక్ మీది గాలులు వెచ్చటి నీటిని పడమరకు, ఇండోనేషియా వైపు నెడుతుంటాయి. ఆ నీటి మీద గాలి పైకి లేచి మబ్బు కడుతుంది. గాలులు నీరసిస్తే వెచ్చని నీరు తూర్పుకు జారుతుంది, మబ్బు దాని వెంట పోతుంది; అదే ఎల్‌నినో. అక్కడ లేచిన గాలి ఎక్కడో ఒకచోట దిగాలి కదా. అది మన నెత్తిన దిగితే వానను అణుస్తుంది. మొత్తం చిక్కు ఆ 'ఎక్కడో ఒకచోట' దగ్గరే ఉంది. 1997లో వచ్చింది గత శతాబ్దపు అతి బలమైన ఎల్‌నినోల్లో ఒకటి. దేశంలో వర్షపాతం 102 శాతం. 2002లో వచ్చింది దానితో పోలిస్తే ఓ మోస్తరుది; వర్షపాతం 81 శాతానికి పడిపోయింది, జులైలో మామూలులో సగం వానే పడింది. నీరు ఎంత వేడెక్కింది అన్నదొక్కటే చాలదు, ఏ భాగంలో వేడెక్కింది అన్నది కూడా చూడాలి. 2002లో ఆ వేడి పసిఫిక్ నడిమిలో నిలిచింది. గాలి దిగే చోటు మనకు దగ్గరైంది.

పైగా మన హిందూ మహాసముద్రం చేతులు ముడుచుకుని కూర్చోదు. దాని పడమటి భాగం, ఆఫ్రికా వైపు, వెచ్చబడి సుమత్రా వైపు చల్లబడితే దాన్ని పాజిటివ్ డైపోల్ అంటాం. అది తరచుగా రుతుపవనాలకు ఊతమిస్తుంది. 1997లోనూ 2019లోనూ అది బలంగా ఉంది. వాట్సాప్ బొమ్మల్లో మాత్రం దీని ఊసే ఉండదు.

భయం వట్టిదని నేను అనడం లేదు. 2009లో 78 శాతం, 2014లో 88, 2015లో 86. 2023లో ఆగస్టు నెల 1901 నుంచి లెక్కలున్నంతలో అత్యంత పొడి ఆగస్టు; కృష్ణకు వరద సరిగా రాక శ్రీశైలం నిండలేదు. ఎల్‌నినో ఏడు పాచిక కొంచెం మనకు వ్యతిరేకంగా బరువెక్కుతుంది, అంతే. ఆ శాతాలన్నీ దేశం మొత్తానికి, నాలుగు నెలలకు కలిపి చెప్పేవి. ప్రత్తిపాడులో మీ మూడెకరాల చెక్కకు జులై పదిహేనున పదును ఉంటుందో లేదో అందులో ఉండదు.

మరి దేన్ని చూడాలి? కాలువ కింద రైతయితే పసిఫిక్‌ను వదిలి ఆలమట్టి, శ్రీశైలం నీటిమట్టాలు చూడండి. వర్షాధారమైతే నల్లరేగడిలో 60 నుంచి 75 మిల్లీమీటర్ల వాన పడి నేల బాగా నానేదాకా పత్తి గింజ వేయకండి, అది ఏ ఏడైనా సరే. గురువారం గురువారం వాతావరణ శాఖ రాబోయే వారాల అంచనా ఇస్తుంది. విత్తే తేదీకి అది పనికొస్తుంది, ఏప్రిల్ అంచనా పనికిరాదు. పసిఫిక్ ధోరణి కూడా మార్చి, ఏప్రిల్ నెలల్లో అంతుపట్టదు. జూన్ దాటితేగాని అంచనాలు కుదుటపడవు.

అపోహ: అర డిగ్రీ తేడాకు ఇంత గొడవా?

ఈ ప్రశ్న వేసేవాళ్ళంటే నాకు ఇష్టమే, కనీసం ఆలోచిస్తున్నారు. ఎల్‌నినో అనడానికి కొలత పసిఫిక్ నీరు సగటుకన్నా అర డిగ్రీ వేడెక్కడమే, నిజం. కానీ అది కొలిచే పసిఫిక్ భాగం మన దేశానికి దాదాపు రెండింతలుంటుంది, అదీ మూడు నెలల సగటు. మా అమ్మమ్మ సంక్రాంతికి తెల్లవారుజామున రాగికాగు కింద పుల్లలు ఎగదోసేది. పొయ్యి పక్కన గాలి క్షణంలో వేడెక్కేది, కాగు నీళ్ళు గోరువెచ్చన కావడానికి గంట పట్టేది. సముద్రం అంతటి కాగు అర డిగ్రీ వేడెక్కాలంటే ఎంత మంట కావాలో ఊహించుకోండి.

సూర్యలంకలో కాలు పెట్టి "నీళ్ళు వేడిగా ఉన్నాయి, ఈసారి వానలే వానలు" అనేవారికి ఒక్క మాట. బంగాళాఖాతం వానాకాలమంతా 28 డిగ్రీలకు పైనే ఉంటుంది. మబ్బు కట్టడానికి ఆ మాత్రం చాలు. ఇంకో డిగ్రీ పెరిగినంత మాత్రాన ఆ లెక్కన వాన పెరగదు.

మిగతావి గబగబా

రుతుపవనాలు ముందొస్తే మంచి ఏడాదా? 2009లో మే 23నే కేరళను తాకాయి, ఆ ఏడు ఘోరమైన కరవు. 2025లో మే 24న తాకాయి, 108 శాతం. ఇక మీరే చెప్పండి.

రోహిణిలో రోళ్ళు పగిలితే మృగశిరలో ముంచేస్తుందా? అలా కుదిరిన ఏళ్ళను గుర్తుంచుకుంటాం, కుదరనివి మరిచిపోతాం.

కరవు ఏడు వరద రాదా? 2009 చాలదా? సెప్టెంబరు దాకా దేశమంతా ఎండి, అక్టోబరు మొదట్లో కర్నూలు మునిగింది, ఆ నీరే ప్రకాశం బ్యారేజీ మీదికొచ్చింది.

బెజవాడలో ఎక్కువగా వినే ప్రశ్న ఇంకొకటుంది: 2024 సెప్టెంబరులో బుడమేరు వాగుకు వచ్చిన వరద ఎల్‌నినో వల్లా, లేక దానికి తిరగబడిన, పసిఫిక్ నీరు చల్లబడే లానినా వల్లా? రెండూ కాదు. అప్పుడు పసిఫిక్ అటూ ఇటూ కాని స్థితిలో ఉంది. ఆగస్టు 31 అర్ధరాత్రి ప్రాంతంలో కళింగపట్నం దగ్గర తీరం దాటిన వాయుగుండం కుండపోత తెచ్చింది, బుడమేరుకు గండ్లు పడ్డాయి, అదే సమయంలో బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చింది. మా అక్క వాళ్ళుండేది సింగ్‌నగర్‌లో. కింది వాటాలో నడుము లోతు నీళ్ళలో బియ్యం బస్తాలు నాని, వారం తరవాత తలుపు తీస్తే వచ్చిన పులిసిన వాసన ఆమె ఇప్పటికీ చెబుతుంది. ఎల్‌నినో, లానినా గురించి ఆమె నన్ను ఎప్పుడూ అడగలేదు. మొన్న ఫోను చేసి, "బంగాళాఖాతంలో అల్పపీడనం అంటున్నారురా, బస్తాలు అటక మీదికి ఎక్కించనా?" అంది. ఎక్కించమన్నాను.