రాత్రి బడి లెక్కలు: వయోజన విద్యపై అపోహలు, వాస్తవాలు

వయోజన విద్యలో పనిచేస్తున్నానని చెబితే ముందుగా ఎదురయ్యే ప్రశ్న: "అదింకా ఉందా?" ఉందండీ. పేరే మారుతుంటుంది.

అపోహ: చదువు హక్కు కదా, పెద్దవాళ్లకూ ప్రభుత్వం చెప్పి తీరాలి.

విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకే. 15 దాటినవాళ్లకు ఉన్నది పథకం. హక్కుకు గడువుండదు, పథకానికి ఉంటుంది. మా కష్టాలన్నీ ఈ ఒక్క తేడాలోనే ఉన్నాయి. 1978 అక్టోబరు 2న జాతీయ వయోజన విద్యా కార్యక్రమం మొదలైంది. 1988లో జాతీయ సాక్షరతా మిషన్, 2009లో సాక్షర భారత్ వచ్చాయి. సాక్షర భారత్ 2018 మార్చి 31తో ఆగింది. దాని స్థానంలో ఉల్లాస్ అనే పూర్తిస్థాయి ఐదేళ్ల పథకం వచ్చేసరికి 2022 అయింది.

మధ్యలో ఏమవుతుందో నేను కళ్లారా చూశాను. మా కేంద్రంలో పేరు రాయడం నేర్చుకున్న ఒకావిడ, కొన్నేళ్ల తర్వాత బ్యాంకులో కనిపించింది. ఫారం మీద రెండక్షరాలు రాసి, మూడోదాని దగ్గర ఆగిపోయింది. "మ ఒత్తు ఎటు తిప్పాలి సారూ?" అంది. పక్కనే వేలిముద్ర ప్యాడ్ ఉంది. వాడని అక్షరం చేతిలో నిలవదు.

అపోహ: కోట్లు కుమ్మరిస్తున్నారు, ఫలితమే లేదు.

లెక్క వేద్దాం. ఉల్లాస్‌కు 2022 నుంచి 2027 దాకా మొత్తం 1,037.90 కోట్ల రూపాయలు. అందులో కేంద్రం వాటా 700 కోట్లు, రాష్ట్రాలది 337.90 కోట్లు. లక్ష్యం 5 కోట్ల మంది. మనిషికి దాదాపు 208 రూపాయలు! వాచకం, శిక్షణ, పరీక్ష, ప్రచారం అన్నీ అందులోనే. మరి పాఠం చెప్పేవాళ్లకు? ఏమీ లేదు, వాళ్లు వాలంటీర్లు. సాక్షర భారత్‌లో ఊళ్లో కేంద్రం నడిపేవారికి కనీసం నెలకు 2,000 గౌరవ వేతనం అని రాసుండేది.

ఇక డబ్బు విడతలుగా వస్తుంది. ముందు విడతకు యూసీ, అంటే డబ్బు ఖర్చయిందని చూపే వినియోగ ధ్రువపత్రం, పంపితేనే తర్వాతి విడత కదులుతుంది. ఆ కాగితం ఎక్కడో బల్లమీద ఆగిందంటే, ఇక్కడ పలకలు ఆగినట్టే.

అపోహ: సంతకం వస్తే అక్షరాస్యులే.

కాదు. జనగణన లెక్కలో ఏదైనా ఒక భాషలో అర్థం చేసుకుంటూ చదవడం, రాయడం రెండూ రావాలి. ఉల్లాస్ పరీక్ష 150 మార్కులకు: చదవడం, రాయడం, లెక్కలు, ఒక్కోటి 50.

అపోహ: ఆ వయసులో బుర్రకెక్కదు.

నోటిలెక్కలో నన్ను ఓడించినవాళ్లు బోలెడంతమంది. అసలు అడ్డంకి చత్వారం. యాభై దాటినవాళ్లు వాచకాన్ని చెయ్యంత దూరం పట్టుకుంటే, చదువు రావట్లేదని మనం రాసేస్తాం. ఇన్నేళ్లలో నేను చూసిన ఏ పద్దులోనూ కళ్లద్దాలకు ఒక్క గీత లేదు.

అపోహ: నేర్చుకున్నా ఊరికి ఒరిగేదేమీ లేదు.

నెల్లూరు జిల్లా దూబగుంట గుర్తుందా? 1990ల మొదట్లో అక్కడి అక్షరాస్యతా ఉద్యమ వాచకంలో సారా గురించిన పాఠం ఉండేది. రోశమ్మ లాంటి ఆడవాళ్లు రాత్రి బడిలో అది విని, మాట్లాడుకుని, సారా దుకాణం మీదికే వెళ్లారు. జిల్లా అంతా అంటుకుంది. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఈ "ఫలితం" ఏ నివేదిక గడిలో నింపాలో నాకు ఇప్పటికీ తెలియదు.

అపోహ: అక్షరాలు, వృత్తి శిక్షణ అన్నీ ఒకే శాఖ చూస్తుంది.

అక్షరాస్యత విద్యాశాఖది. చదువురానివాళ్లను కూడా చేర్చుకుని కుట్టు వంటి పనులు నేర్పే జన శిక్షణ సంస్థాన్‌లు 2018లో నైపుణ్యాభివృద్ధి శాఖకు వెళ్లాయి. గ్రామీణ యువత ఉపాధి శిక్షణ గ్రామీణాభివృద్ధి శాఖ కింద ఉంది. కుట్టు నేర్చుకునే మనిషికి మాత్రం ఇదంతా ఒకటే పని. టేపు మీద 34కీ 43కీ తేడా తెలియకపోతే జాకెట్టు పాడవుతుంది. అందుకే నేను అంకెలు టేపుతోనే నేర్పుతాను. అది ఏ శాఖ కిందికి వస్తుందో ఎవరూ అడగలేదు ఇంతవరకు.

మీ ఇంట్లో 15 దాటి చదువురానివాళ్లు ఉంటే ఉల్లాస్ యాప్‌లో పేరు నమోదు చేయించండి. నేర్పడానికి మీరే వాలంటీరుగా చేరొచ్చు. ముందు మాత్రం కళ్లు ఒకసారి చూపించండి.